మేడ మీద దొంగ ఒకడు కాదు

ప్రశ్న: మేము అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్ళిలో స్థిరపడ్డాం. మేడ మీద కుండీల్లో మందార, బెండ, తోటకూర, కరివేపాకు, తులసి పెంచుతున్నాను. ఆగస్టు వానల తర్వాత అన్నిటి ఆకులూ ముడుచుకుపోతున్నాయి. మందారాకు, బెండాకు అయితే అచ్చం చుట్ట చుట్టినట్టే ఉంటున్నాయి. తోటకూర ఆకులు రెండు మూడు కలిపి కుట్టినట్టు గూడు కట్టి, ఈనెలే మిగిలి జల్లెడలా ఉన్నాయి. రాత్రి వంటింటి దీపం దగ్గరికి తెలుపు, పసుపు కలిసిన రెక్కల మీద గోధుమరంగు గీతలున్న చిన్న పురుగు వచ్చి వాలుతోంది. ఫొటో పంపుతున్నాను. అన్ని మొక్కలనూ పాడుచేస్తున్నది ఇదేనా? మాలి ‘హుళ’ (కన్నడంలో పురుగు) పట్టింది, మందు కొట్టాలంటున్నాడు. పట్టుచీరలు కొరుకుతుందేమోనని మా అత్తగారి భయం. ఆ మొక్కకు కాసిన బెండకాయలు తినవచ్చునా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు:

అమ్మా,

ఫొటో తీసేటప్పుడు పక్కన రూపాయి బిళ్ళ పెట్టినందుకు ముందుగా మిమ్మల్ని మెచ్చుకోవాలి. నాకు వచ్చే ఫొటోల్లో సగం చూస్తే పురుగు చీమంత ఉందో చిలుకంత ఉందో అంతుపట్టదు. మీ బిళ్ళ పుణ్యమా అని కొలత తెలిసింది. రెక్కలు చాచితే అంగుళానికి కాస్త అటూ ఇటూ. మీగడ రంగు రెక్కల నిండా వంకర టింకర గోధుమ గీతలు వల అల్లినట్టున్నాయి. మెడ దగ్గర, వీపు మీద నల్లటి చుక్కలు. రెక్కలను ఇంటి కప్పులా మడవకుండా, గోడకు కాగితం ముక్క అంటించినట్టు పరిచి కూర్చుంది. ఇన్ని గుర్తులు కలిశాక సందేహం అక్కరలేదు. పత్తి రైతులు ఆకుచుట్టు పురుగు అని పిలిచే పురుగుకు ఇది తల్లి. శాస్త్రీయ నామం హారిటాలోడిస్ డెరొగేటా. పాత వ్యవసాయ పుస్తకాల్లో సిలెప్టా డెరొగేటా అని కనిపిస్తుంది, రెండూ ఒకటే. ఫాబ్రిసియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1775లోనే దీన్ని వర్ణించాడు.

అయితే మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ‘అన్ని మొక్కలనూ’ అన్నారు. మందార, బెండ వరకు నేరం దీనిదే. తోటకూర, కరివేపాకు, తులసి విషయంలో ఇది నిర్దోషి. దీపం దగ్గర దొరికింది కదా అని కేసులన్నీ దాని మీద పెట్టేయకండి. ఆకు చుట్టే పురుగును గుర్తుపట్టాలంటే రెక్కల కన్నా ముందు మొక్కను అడగాలి. ఇలాంటి పురుగుల్లో చాలావాటికి తిండి పట్టింపు ఎక్కువ. మడి కట్టుకున్నట్టు ఒక కుటుంబానికి చెందిన మొక్కలే తింటాయి, పక్క కుండీ వైపు కన్నెత్తి చూడవు. ఈ డెరొగేటాకు కావలసింది బెండ కుటుంబం. పత్తి, బెండ, మందార, గోంగూర, తుత్తురుబెండ అన్నీ ఆ కుటుంబానివే. మీ మేడ మీద ఆ కుటుంబం నుంచి రెండున్నాయి, ఆ రెండింటి మీదే పడింది. గోంగూర కూడా వేయాలనుకుంటుంటే మాత్రం ఈ వానాకాలం గడిచాక వేయండి.

పేర్ల గురించి ఒక చిన్న మాట. ఇలాంటి రెక్కల పురుగును చిమ్మట అంటాం. కానీ రాత్రంతా కీచుమని అరిచే పురుగును కూడా చాలా ఊళ్ళలో చిమ్మట అనే పిలుస్తారు. అందుకే నేను రైతుల మాటే వాడుతున్నాను. ఆకు తినే దశలో ఉన్నది పురుగు, గుడ్లు పెట్టేది తల్లి రెక్కల పురుగు. ఆకుచుట్టు పురుగు అనేది కూడా ఒక్క జాతి పేరు కాదు, వృత్తి పేరు. కుమ్మరి, కమ్మరి అన్నట్టు. ఆ వృత్తిలో ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటిలో ఇంగ్లీషు తోటల పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది టార్ట్రిసిడే కుటుంబం. ఆ పేరుకు మూలం మెలిపెట్టడం అనే అర్థమున్న లాటిన్ మాట, దానిలో పది వేలకు పైగా జాతులున్నాయి. వాలినప్పుడు పైనుంచి చూస్తే గుడిగంట ఆకారం కనిపిస్తుంది. మీ ఫొటోలో గంట లేదు, త్రికోణం ఉంది. ముఖం ముందు చిన్న ముట్టె పొడుచుకొచ్చింది. ఇది క్రాంబిడే కుటుంబం. మన దేశంలో వరి ఆకుముడత పురుగు తల్లి కూడా ఈ ఇంటిదే. ఈ కుటుంబం వాళ్ళకు చెవులు పొట్ట మొదట్లో ఉంటాయి, గబ్బిలం వేటకు వచ్చేటప్పుడు చేసే సూక్ష్మ ధ్వని వినడానికి. మనకు వినిపించని చప్పుడుకు దీపం దగ్గరి పురుగు ఉన్నట్టుండి కిందికి రాలిపోవడం మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు ఆ చుట్ట సంగతి. నాకు దీని మీద కాస్త మోజుంది, భరించండి.

తల్లి రాత్రిపూట వచ్చి ఆకు అడుగున గుడ్లు ఒక్కొక్కటిగా పెట్టి పోతుంది. రెండు నుంచి ఆరు రోజుల్లో పిల్ల బయటపడుతుంది. మొదట్లో దానికి చుట్టే బలం ఉండదు, ఆకు అడుగు భాగాన్ని గీకి తింటుంది. కాస్త ఎదిగాక పని మొదలుపెడుతుంది. కింది పెదవి దగ్గరున్న చిన్న గొట్టం నుంచి పట్టుదారం తీస్తూ, తల అటూ ఇటూ ఊపుతూ, ఆకు అంచు నుంచి మధ్యకు పోగులు వేస్తుంది. నులక మంచం అల్లేవాళ్ళను మీరు అనంతపురంలో చూసే ఉంటారు. ప్రతి తాడునూ లాగి, బిగించి, ముడి వేస్తారు. ఇదీ అంతే. పోగును సాగదీసి అంటిస్తుంది, వదలగానే అది దగ్గరికి లాగుతుంది. ఒక్క పోగు బలంతో అయ్యే పని కాదు. వందల పోగులు పక్కపక్కనే పడేసరికి బెండాకు అంతటిది కూడా తలవంచి చుట్టుకుంటుంది. తర్వాత ఆ ఇంట్లో కూర్చుని గోడలు తింటూ పెరుగుతుంది. గోడలు అయిపోతే పక్క ఆకుకు మారి మళ్ళీ కొత్త ఇల్లు. అందుకే మొక్క మీద పది చుట్టలుంటే పది పురుగులున్నట్టు కాదు. కొన్ని ఖాళీ చేసి వెళ్ళిన ఇళ్ళు. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. ఎదగని పిల్లలు కొన్నిసార్లు ఒకే చుట్టలో నాలుగైదు కలిసి కాపురముంటాయి.

పురుగు దశ వాతావరణాన్ని బట్టి పదిహేను నుంచి ముప్పై అయిదు రోజులు. ఆ చుట్టలోనే, లేదా కుండీలో రాలిన ఆకుల్లో ఎరుపు కలిసిన గోధుమరంగు కోశంగా (రెక్కలు రాకముందు తిండి మాని కదలకుండా ఉండే దశ) మారి ఆరు నుంచి పన్నెండు రోజులుంటుంది. అంటే గుడ్డు నుంచి రెక్కల దాకా మూడు వారాలు పట్టవచ్చు, ఏడు వారాలూ పట్టవచ్చు. బెంగళూరులో ఎండ అంతగా మాడ్చదు, వాన అంతగా ముంచదు. మనకు హాయిగా ఉన్నది దానికీ హాయిగానే ఉంటుంది. ఒక తరం ముగిసేలోపే రెండో తరం మొదలవుతుంది.

రేపు పొద్దున ఒక చుట్ట తెంపి, తెల్ల కాగితం మీద పెట్టి మెల్లగా విప్పండి. నిగనిగలాడే లేతాకుపచ్చ పురుగు, ముదురు రంగు తల, మెడ మీద అదే రంగు పట్టీ, చుట్టూ మాడిన రవ్వలాంటి నల్లని రెట్ట కనిపిస్తే మనం అనుకున్నదే. ముట్టుకోగానే పాములా మెలికలు తిరుగుతూ వెనక్కి పరుగెడుతుంది, దారం పట్టుకుని కిందికి జారిపోతుంది. భయపడకండి. మునగచెట్టు గొంగళిలా దీనికి దురద పుట్టించే వెంట్రుకలు లేవు, వేళ్ళతో పట్టుకోవచ్చు. పట్టుదారమూ రెట్టా రెండూ లేని ముడత కనిపిస్తే అది ఈ పురుగు పని కాదు. రసం పీల్చే పురుగులో తెగులో కారణం అవుతుంది, దాని కథ వేరు. దారం ఉండి లోపల తెల్లటి సంచీ, దాన్ని కాపలా కాసే సాలీడు కనిపిస్తే క్షమాపణ చెప్పి మూసేయండి. అది మీ పక్షం.

ఇక మిగిలిన మొక్కలు.

తోటకూరలో ఆకులు చుట్టలా కాక, రెండు మూడు కలిపి కుట్టినట్టు గూడు కట్టి, ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలా ఉన్నాయని రాశారు. అది స్పోలాడియా రికర్వాలిస్. పురుగు పచ్చగా, వీపున తెల్లటి గీతలతో ఉంటుంది. తల్లి మాత్రం మీ ఫొటోలోని దానికి పూర్తిగా భిన్నం. ముదురు గోధుమ రెక్కల మీద అడ్డంగా తెల్లటి పట్టీ, పంచె అంచులా. పగలు కూడా తోటకూర మడిలో నడిస్తే కాళ్ళ దగ్గర నుంచి చిన్నగా లేచి మళ్ళీ రెండడుగుల అవతల వాలుతుంది. దీన్ని కూడా ఫాబ్రిసియస్ 1775లోనే వర్ణించాడు. పాలకూర, బీట్‌రూట్ కూడా దీనికి ఇష్టమే. తోటకూరకు వైద్యం తేలిక. మొక్కను మొదలంటా కోసి, గూళ్ళున్న ఆకులు తీసేసి, మంచివి పప్పులో వేసుకోండి. నెల రోజుల్లో చేతికొచ్చే ఆకుకూర కోసం యుద్ధం దేనికి?

కరివేపాకు చివుళ్ళను చుట్టేది ఇంకా చిన్నది, బూడిద కలిసిన గోధుమరంగుది, రెక్కలు చాచినా అరంగుళం దాటదు. దీపం దగ్గర మీరు చూసినా దుమ్ము అనుకుని తుడిచేసి ఉంటారు. పేరు సోరోస్టికా జిజిఫై. జిజిఫై అంటే రేగుది అని అర్థం. మన తోటల్లో అది తినేది మాత్రం కరివేపాకు, నిమ్మజాతి. శాస్త్రీయ నామాల్లోనూ ఇలాంటి ఇంటిపేరు పొరపాట్లుంటాయి. ఈ మొక్క పేరులోనూ ఒక మనిషి ఉన్నాడు. కరివేపాకును శాస్త్రవేత్తలు కోనిగీ అంటారు. తమిళ తీరంలోని తరంగంబాడిలో వైద్యుడిగా ఉంటూ దక్షిణాది మొక్కలన్నీ వెతికిన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పేరు అది. ఆయన 1785లో కన్నుమూసింది మన కాకినాడలోనే. పోపులో కరివేపాకు వేసేటప్పుడల్లా నాకు గుర్తొస్తాడు. సరే, చుట్టుకున్న చివుళ్ళను రెండంగుళాల మేర తుంచేయండి, కొత్త కొమ్మలు గుబురుగా వస్తాయి. ఆకు మీద బహిరంగంగా, పిట్ట రెట్టలా కూర్చున్న పురుగు కనిపిస్తే దాన్ని మాత్రం ఉంచండి. అది పెద్ద సీతాకోకచిలుక పిల్ల, నాలుగు ఆకులు తిని పోతుంది.

తులసాకులు మడిచేది మరో చిన్న పసుపు రెక్కల పురుగు. తులసిని నోట్లో వేసుకుంటాం కనుక దాని మీద ఏ మందూ వద్దు. పూజకు తుంచేటప్పుడు మడత పడ్డ ఆకులు కూడా తుంచి పడేస్తే సరిపోతుంది.

నేను ఫొటో చూసి చెప్పిందంతా నమ్మాలని లేదు. మీరే రుజువు చేసుకోవచ్చు, ఇంట్లో పిల్లలుంటే వాళ్ళకు ఇంతకన్నా మంచి సెలవుల పని దొరకదు. ఖాళీ పచ్చడి సీసా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అడుగున కాస్త తడి చేసిన కాగితం వేయండి. పురుగున్న చుట్టను అలాగే లోపల పెట్టి, మూతికి పల్చని గుడ్డ కట్టి, నీడలో ఉంచండి. రెండు రోజులకోసారి అదే మొక్క నుంచి తాజా ఆకు వేసి, రెట్ట దులపండి. సీసా మీద మొక్క పేరు, తేదీ తప్పకుండా రాయండి. మందారకు ఒక సీసా, తోటకూరకు ఒకటి, కరివేపాకుకు ఒకటి. పురుగు తినడం మానేసి కదలకుండా పడి ఉంటే చచ్చిపోయిందని పారేయకండి, కోశంలోకి పోతోంది. మరో వారం, పది రోజులు ఓపిక పట్టండి.

ఒక్కోసారి సీసాలో రెక్కల పురుగు రాదు. పురుగు వాడిపోయి, పక్కన బియ్యపు నూకల్లాంటి తెల్లటి గూళ్ళు కనిపిస్తాయి, వాటి నుంచి దోమ కన్నా చిన్న నల్లటి ఈగల్లాంటివి వస్తాయి. అవి పరాన్నజీవి కందిరీగలు. అపాంటెలిస్ జాతివి ఈ ఆకుచుట్టు పురుగు లోపల గుడ్లు పెడతాయి, పిల్లలు లోపలి నుంచే దాన్ని తినేస్తాయి. చుట్ట గోడల్ని దాటి లోపలి మనిషిని పట్టుకోగలవాళ్ళు వీళ్ళే. గుడ్డ విప్పి మేడ మీదే వదిలేయండి.

మాలి సలహాకు వద్దాం. నేనూ ఒకప్పుడు ఆ మాట విన్నవాడినే. యలహంకలో మా ఇంటి మందారకు చుట్టలు పడితే దుకాణంలో ఇచ్చిన ఘాటైన మందు తెచ్చి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, పిచికారీ చేశాను. మర్నాడు చుట్టలు విప్పి చూస్తే పురుగులు చాలావరకు హాయిగా ఉన్నాయి. ఆకు చుట్టే వాటికి గొడుగైంది. బయట తిరిగే కందిరీగలు, అక్షింతల పురుగులు మాత్రం కనిపించకుండా పోయాయి. మూడు వారాలు తిరిగేసరికి మందార కొమ్మల నిండా పిండినల్లి. దాన్ని వదిలించుకోవడానికి ఆ ఏడాదంతా పట్టింది. ఇప్పుడు ఆ మొక్క వైపు పిచికారీ సీసా తీసుకెళ్ళాలంటే సిగ్గేస్తుంది.

మీవి కుండీలు, ఎకరాలు కావు. వారానికి రెండుసార్లు, కాఫీ తాగుతూ చుట్టలు తెంపి సబ్బు నీళ్ళ బకెట్లో వేయండి. తెంపకుండా అక్కడే వేళ్ళతో నొక్కినా సరే. పది నిమిషాల పని, కానీ ఒక్క ఆదివారంతో తీరదు. ఇందాక చెప్పిన తరాల లెక్క గుర్తుంది కదా, కనీసం ఆరేడు వారాలు మానకుండా చేయాలి. కుండీల్లో రాలిన ఎండుటాకులు ఊడ్చేయండి, కోశాలు దాక్కునేది అక్కడే. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల సబ్బు వేసి, సాయంత్రం పూట కొత్త చిగుళ్ళకూ ఆకుల అడుగుకూ తగిలేలా కొట్టండి. చుట్టుకున్న ఆకు మీద కొట్టి ప్రయోజనం లేదు, ఇంకా చుట్టని ఆకును కాపాడుకోవాలి. బీటీ అనే బాక్టీరియాతో చేసిన పొడి కూడా దొరుకుతుంది. అది పురుగు తిన్న ఆకు ద్వారా లోపలికి పోతేనే పనిచేస్తుంది, ఎండకు త్వరగా పాడవుతుంది. పెట్టె మీద రాసిన మోతాదు దాటకుండా సాయంత్రం బెండకు, మందారకు వాడవచ్చు. కరివేపాకు మీద వద్దు, సీతాకోకచిలుక పిల్లలకూ అది విషమే.

వంటింట్లో తెల్లని దీపం బదులు పసుపు వెలుతురు దీపం పెడితే రాత్రి అతిథులు తగ్గుతారు. మీకు సరదా పుట్టి అవి రావాలనిపిస్తే మేడ మీద తెల్ల పంచె కట్టి దాని ముందు దీపం వెలిగించండి. ఏటా జూలై చివర్లో జరిగే జాతీయ చిమ్మటల వారంలో మన దేశంలోనూ చాలామంది చేసేది ఇదే. ఫొటోలు ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో పెడితే పేరు చెప్పేవాళ్ళు దొరుకుతారు. పెట్టేటప్పుడు రూపాయి బిళ్ళతో పాటు ఏ మొక్క మీద దొరికిందో కూడా రాయండి.

బెండకాయలు నిర్భయంగా తినండి. ఈ పురుగు ఆకు దాటి కాయలోకి పోదు. కాయకు రంధ్రం, లోపల పురుగు కనిపిస్తే అది కాయతొలుచు పురుగు, ఆ కాయ మాత్రం పారేయండి. మాలి ఇప్పటికే రసాయన మందు కొట్టి ఉంటే, ఆ సీసా మీద కోతకు ముందు ఎన్నాళ్ళు ఆగాలో రాసి ఉంటుంది, అన్నాళ్ళూ కాయలు తినకండి.

అత్తగారికి నా నమస్కారాలు. దీపం దగ్గర వాలేదానికి కొరికే దవడలే లేవు, పూలలోని తేనె పీల్చే సన్నని గొట్టం మాత్రం ఉంటుంది. దాని పిల్లలకు బెండాకు కావాలి, ధర్మవరం పట్టు అక్కరలేదు. ఆవిడ జాగ్రత్త పడాలనుకుంటే గోడల మూలల్లో, బీరువా వెనక సిమెంటు రంగులో, దోసగింజ ఆకారంలో ఉండి మెల్లగా కదిలే చిన్న సంచుల్ని చూడమనండి. వాటిలోపల ఉండేది వేరే జాతి పురుగు. పాత సాలెగూళ్ళు, రాలిన వెంట్రుకలు, ఉన్ని తిని బతుకుతుంది. చీపురుతో ఒకసారి దులిపితే చాలు.